ఓడెల్ బండి కాటా ఎక్కిన రోజు

ఓడెల్ బ్రాండ్‌వోల్డ్ కుర్చీలో కూర్చుని ఒక కప్పు కాఫీ ఆసాంతం తాగగా మా లిండేల్‌లో చూసినవాళ్ళు లేరు. సగం తాగుతాడు, లేస్తాడు, కిటికీలోంచి ఆకాశం చూస్తాడు, "మబ్బు పట్టేలా ఉంది" అంటాడు. మిగతా సగం ఎక్కడో పెట్టి మరిచిపోతాడు. చర్చిలోనైనా వెనక బెంచీయే, తలుపు పక్కనే. మనిషి చెడ్డవాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అర్ధరాత్రి మీ పైపులు గడ్డకట్టాయంటే పరుగెత్తుకొచ్చేది అతనే. కాలు మాత్రం ఒకచోట నిలవదు, అంతే.

అది పుట్టుకతో వచ్చిన జబ్బు. వాళ్ళ నాన్న కోత బృందం నడిపేవాడు. గోధుమ పండే దారి వెంబడి టెక్సస్‌లో మొదలుపెట్టి, ఊరూరా కోసుకుంటూ, ఎండలు ముదిరేసరికి మా మోంటానా దాకా వచ్చే జనం వాళ్ళు. ముందు కోత యంత్రాలు, వెనక లారీలు, లారీల వెనక వంట ట్రైలరు, పడకల ట్రైలరు. ఆ పడకల ట్రైలర్లోనే ఓడెల్ పుట్టాడు. ఏ ఊరి దగ్గరో వాళ్ళమ్మని అడిగితే ఒక్కోసారి ఒక్కో పేరు చెప్పేది. నడక రాకముందే చక్రాల మీద తిరిగినవాడు, ఇక కుర్చీలో ఎలా కూర్చుంటాడు?

అలాంటివాణ్ణి కోర్లిస్ చేసుకుంది. పెళ్ళయ్యేదాకా ఆమె మా జిల్లా పొలిమేర దాటి ఎరగదు. బడి వంటింట్లో పనిచేసేది, నిదానస్తురాలు, ఒక మాట అనే ముందు నాలుగుసార్లు ఆలోచించేది. ఓడెల్ ఇక్కడే ఉండిపోయి, పశువుల కొట్టాలకీ పొలం ఇళ్ళకీ గ్యాసు తోలే లారీ నడిపాడు. ఊళ్ళో ఉంటూనే రోజంతా ఊళ్ళో లేకుండా తిరిగే ఉద్యోగం అదొక్కటే మరి! పిల్లలు లేరు. రిటైరవగానే, వారం తిరక్కుండా, పాత క్యాంపర్ ఒకటి కొనుక్కొచ్చాడు. పికప్ ట్రక్కు వీపున కూర్చోబెట్టి గొలుసులతో బిగించుకునే చిన్న ఇల్లది. ఒక మంచం, ఒక పొయ్యి, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సిన నడవ.

అప్పట్నించీ ప్రతి చలికాలం అరిజోనా ఎడారికి ప్రయాణం. అక్కడ మనలాంటి చలి బాధితులు వేలమంది బండ్లు నిలుపుకుని ఉంటారు. మొదట్లో కోర్లిస్ సణుక్కుంటూనే వెళ్ళింది. తర్వాత తన బొంతలు కుట్టే పెద్ద మిషను, గుర్రమంత బరువుండేది, దాన్ని ఒక ట్రైలర్లో పెట్టించి ట్రక్కు వెనక తగిలించింది. ఎడారిలో ఆడవాళ్ళు ముక్కలు కలిపిన బొంతలు చంకన పెట్టుకుని ఆమె ట్రైలర్ ముందు వరస కట్టేవారు. ఆమె వేళ్ళ నొప్పులు కూడా అక్కడి ఎండకి సర్దుకునేవి. మెల్లగా ఆ ఎడారి అతనికన్నా ఆమెకే ఎక్కువైంది, పైకి ఒప్పుకోదు గానీ.

ఓడెల్‌కి రాళ్ళ పిచ్చి. మా ఎల్లోస్టోన్ నది ఇసుక తిన్నెల మీద అగేట్ రాళ్ళు దొరుకుతాయి. పైకి బంగాళాదుంపల్లా ఉంటాయి, కోస్తే లోపల నల్లటి నాచు కొమ్మల్లాంటి గీతలు, పొగమంచు, తేనె రంగు. ఎడారిలో రాళ్ళ పిచ్చివాళ్ళు ఎక్కువ. ఇక్కడి రాయిచ్చి అక్కడి రాయి తెచ్చుకోవడం, తెచ్చినదానికి మెరుపు పెట్టి మళ్ళీ మార్చుకోవడం, ఇదే పని. వెళ్ళేటప్పుడు రాళ్ళే, వచ్చేటప్పుడూ రాళ్ళే!

పోయిన వసంతంలో తిరిగొస్తుంటే కొంప మునగబోయింది. బయల్దేరే రోజు చూసుకుంటే ట్రక్కు వెనక భాగం కుంగిపోయింది, ముందు దీపాలు ఆకాశం చూస్తున్నాయి. చుట్టుపక్కలవాళ్ళు చేరి తలో సలహా పారేశారు. "ట్రైలర్లో బరువంతా వెనక్కి జరుపు, ట్రక్కుకి తగిలే ముక్కు తేలికై ట్రక్కు లేస్తుంది" అన్నారు. మావాళ్ళందరూ చేసే పనే అది. ఓడెల్‌కి ఒక్క క్షణం వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. బరువు ఇరుసుకి ముందుండాలిరా, తోక బరువైతే బండి నిన్ను తోలుతుంది, అనేవాడాయన. కానీ అప్పటికే ఓడెల్ కాళ్ళు దారి మీదున్నాయి. మిషను వెనక్కి తోశాడు, రాళ్ళ బకెట్లు దాని వెనక సర్దాడు. ట్రక్కు లేచి సమంగా నిలబడింది. చూడముచ్చటగా ఉందని ఫోటో కూడా తీసుకున్నాడు.

వ్యోమింగ్‌లో ఒక పెద్ద దిగుడు దగ్గర ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, ఆ తర్వాత అద్దంలో ఈ పక్కా ఆ పక్కా కనిపించేంతగా. ట్రక్కుని తోక పట్టుకుని ఆడించినట్టు ఆడించింది. బ్రేకు తొక్కితే సఫా అని ఓడెల్‌కి తెలుసు. కాలు పైకి తీసి, చేతి దగ్గరున్న మీటతో ట్రైలర్ బ్రేకులొక్కటే పట్టి, స్టీరింగ్ తిన్నగా నిలిపాడు. తల ప్రాణం తోకకొచ్చాక బండి రోడ్డు అంచున ఆగింది. కోర్లిస్ గోళ్ళు అతని ముంజేతిలో దిగి ఉన్నాయి.

"గాలి" అన్నాడు ఓడెల్. "వ్యోమింగ్ గాలి సంగతి నీకు తెలుసుగా."

"గాలి కాదు" అంది కోర్లిస్. "నువ్వు."

మిగతా దారంతా ఓడెల్ మెల్లగానే తోలాడు.

ఎండాకాలమంతా ఆ ఊసెత్తలేదామె. అక్టోబరు రాగానే ఒక ఉదయం గుడ్లు వేయిస్తూ, వెనక్కి తిరక్కుండానే తేల్చేసింది.

"బండిని గోధుమ గిడ్డంగిలో స్కోగెన్ కాటా మీద పెట్టు. ట్రక్కు తలుపు మీద కంపెనీవాడు అంటించిన చీటీలో ఎంత బరువు రాసుందో అంతకి లోపల ఉంటే ఎక్కుతాను. లేకపోతే బిల్లింగ్స్‌లో మా చెల్లి దగ్గరికి బస్సులో పోతాను. నువ్వు ఎడారికి పో, చంద్రమండలానికి పో, నాకనవసరం."

"ఒక్కణ్ణే పొమ్మంటావా?"

"నేను పొమ్మనలేదు. లెక్క ఏమంటుందో అడిగి రమ్మన్నాను."

ఓడెల్ పైకి నవ్వేశాడు. పెళ్ళైనప్పట్నించీ ఒక్క చలికాలం కూడా విడిగా లేరు. ఆమె లేకుండా వెళ్ళలేడు, వెళ్ళకుండా ఉండలేడు. ఆ రెంటి మధ్యా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. దానికి తోడు రేడియోలో మంచు వార్తలు. ఉత్తరాన్నించి వస్తోంది, వారాంతానికి కనుమలు మూసుకుపోవచ్చు అంటున్నారు.

ఈసారి సర్దుడు మాత్రం శ్రద్ధగా చేశాడు, ఆ మాట చెప్పుకోవాలి. మిషనుని ట్రైలర్ ఇరుసుకి కాస్త ముందుకి జరిపి, పట్టీలతో నేలకి బిగించాడు. ముక్కు మీద ఎంత బరువు పడుతోందో తూచి చూసుకున్నాడు. మరీ తక్కువైతే ఊగుతుంది, మరీ ఎక్కువైతే ట్రక్కు నడ్డి విరుగుతుంది. క్యాంపర్లో బరువైనవన్నీ కింది అరల్లో, ట్రక్కు వెనక ఇరుసుకి ముందు. పై అరల్లో దుప్పట్లూ రొట్టెలూ మాత్రమే. నీళ్ళ తొట్టి నిండా నింపలేదు, దారిలో పట్టుకోవచ్చులే అని. టైర్లు కొత్తవి వేయించాడు. గొలుసులు బిగించి, కాసేపాగి, మళ్ళీ బిగించాడు. కమాన్ పట్టీల పక్కన రబ్బరు గాలి తిత్తులు కూడా పెట్టించాడు. గాలి కొడితే కుంగిన ట్రక్కు లేచి నిలబడుతుంది.

ఆ తిత్తులే కొంప ముంచాయి. మావాళ్ళకి ఇదొక పాత రోగం. బండి సమంగా నిలబడితే బరువు సరిపోయినట్టే అనుకుంటారు. గాలి కొడితే నడుం లేస్తుంది గానీ బరువెక్కడికి పోతుంది, నా తలకాయ! అదే ఇరుసు, అదే టైర్లు మోయాలి కదా.

"రాళ్ళు ఒక్క బకెట్టు. ఒక్కటంటే ఒక్కటి" అంది కోర్లిస్. ఓడెల్ సరేనన్నాడు. ఒక బకెట్టు ఆమె కళ్ళ ముందే బల్ల కింద పెట్టాడు. మర్నాడు ఆమె చర్చిలో కేకుల అమ్మకానికి వెళ్ళినప్పుడు మంచం కింది అర తెరిచి ఇంకోటి దించాడు. ఇరుసుకి ముందే కదా ఉంది, పద్ధతి ప్రకారమే కదా, అని సర్దిచెప్పుకున్నాడు. దాని పక్కన ఇంకోటి పట్టే చోటు కనబడింది. చోటున్నాక ఖాళీగా వదిలేసే రకం కాదతను. వెనక కాస్త కుంగింది. తిత్తుల్లో కాస్త గాలి కొట్టాడు. లేచింది. ఇంకోటి పెట్టాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు బకెట్ల రాళ్ళకి ఏం మించిపోతుందిలే, అనుకుంటూ పొర్లాడు.

తెల్లారాక బండి తీశాడు. కోర్లిస్ ఎక్కలేదు. "కాటా సరేనంటేనే" అని, చేతిసంచీ పట్టుకుని వెనకే నడిచొచ్చింది. గోధుమ గిడ్డంగి ఊరి చివరే, పెద్ద దూరం కాదు. అయినా మొగుడు బండిలో ముందు, పెళ్ళాం రోడ్డు మీద వెనక! అలా వెళ్తుంటే కిటికీ తెరల వెనకనించి చూడనివాళ్ళు లేరు. దొంగతనం చేసి పట్టుబడ్డవాణ్ణి చూసినట్టు అందరూ చూస్తున్నారని ఓడెల్ చెవులు ఎర్రబడ్డాయి.

గిడ్డంగి కాటా చూసే లెరాయ్ స్కోగెన్ అతని ఈడువాడే. కొంప కాలిపోతున్నా నిమ్మకు నీరెత్తినట్టుంటాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటోయ్, ఈ ఏడు గోధుమలకి తలుపులూ కిటికీలూ పెట్టి తెచ్చావా?" అన్నాడు.

"వాగుడాపి తూచు. మంచొస్తోంది."

"మంచు ఏడాదేడాదీ వస్తుందోయ్. ట్రక్కు చక్రాలు మాత్రం కాటా పలక మీద ఉంచు, ట్రైలర్ చక్రాలు బయట. కొక్కెం ఊడదియ్యకు, దాని ముక్కు బరువు కూడా ట్రక్కే మొయ్యాలి."

ఓడెల్ అంగుళాలు చూసుకుంటూ పెట్టాడు. స్టీరింగ్ మీద వేళ్ళు టకటకలాడిస్తూ కూర్చున్నాడు. కోర్లిస్ పలకకి ఇవతల, కంకరలో, కోటు మెడ దాకా గుండీలు పెట్టుకుని నిలబడింది. స్కోగెన్ కళ్ళద్దాలు పైకి తోసుకుని అంకె చదివాడు. ఓడెల్ తలుపు తెరిచి, చీటీ మీది అంకె చూశాడు. మళ్ళీ చూశాడు.

లోపలే ఉంది! బొటాబొటీగా, ఒక పిండి బస్తా అంత తేడాతో, లోపలే ఉంది.

ఓడెల్ ఒక్క గంతులో కిందికి దూకాడు. "చూశావా! చూశావా కోర్లిస్! పద్ధతిగా సర్దితే ఎందుకు సరిపోదు? ఊరికే కంగారుపడ్డావు. పద, ఎక్కు, మధ్యాహ్నానికి వ్యోమింగ్‌లో ఉందాం."

ఆమె ముఖం నిజంగానే విచ్చుకుంది. చేతిసంచీ భుజానికి తగిలించుకుని రెండడుగులు వేసింది. ఎన్ని నెలలుగా ఆ ముఖం కోసం చూస్తున్నాడో అప్పుడు తెలిసింది ఓడెల్‌కి.

"ఆమె కూడా వస్తోందా?" అన్నాడు స్కోగెన్ కిటికీలోంచి.

"రాకపోతే? ఇదంతా ఎందుకు మరి?"

"అయితే ఆమెని ఎక్కించుకునే తూచుకోవాల్సింది. చీటీలో అంకె మనుషులతో కలిపే. నీకు మిగిలింది ఒక పిండి బస్తా" అన్నాడు స్కోగెన్. అని, అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

కోర్లిస్ ఉన్నచోటే ఆగింది.

"ఓహో" అంది. "అంటే అన్నీ సరిపోయాయి. ఎక్కువైంది నేనే."

"ఛ, అదేం మాట! రెండు వస్తువులు దించితే పోతుంది. దానికెంతసేపు?" అంటూ ఓడెల్ క్యాంపర్లోకి ఉరికాడు. చేతికందింది అందినట్టు కిందికి దించాడు. చోక్‌చెర్రీ పళ్ళ జామ్ సీసాల పెట్టె. ఆమె ఇనప పెనం. ఇస్త్రీ బల్ల. బొంత గుడ్డల మూట. ఆమె ఉన్ని బూట్లు. కంకర మీద ఒక్కొక్కటే వరసగా చేరుతున్నాయి. కోర్లిస్ చూస్తోంది. స్కోగెన్ కూడా. వెనక గోధుమ లారీ ఒకటొచ్చి ఆగింది, డ్రైవరు హారన్ కొట్టబోయి మానుకున్నాడు.

ఓడెల్ ఒక దిండు తెచ్చి పెట్టె మీద పెట్టాడు.

"దిండెంత బరువుంటుంది, ఓడెల్?" అంది కోర్లిస్.

అతను ఆ దిండు వంక చూశాడు. నీలం పూల గలీబు. ఆమె దిండు. అప్పుడు గానీ కింద పెట్టినవాటి వంక సరిగ్గా చూడలేదతను. జామ్, పెనం, ఇస్త్రీ బల్ల, గుడ్డలు, బూట్లు, దిండు. అతనిది ఒక్కటీ లేదు. తనకి తెలియకుండానే చేతులు వెతికి వెతికి ఆమెనొక్కదాన్నే దించుకుంటూ వచ్చాయి. సిగ్గుతో ఒళ్ళు వేడెక్కిపోయింది. వ్యోమింగ్ దిగుడులో కూడా ఇంత భయం వెయ్యలేదు. గరిటెలతో సహా ఆచితూచి సర్దుకున్నాడు. పక్క సీట్లో కూర్చునే మనిషిని లెక్కలో వేసుకోవాలని ఒక్కసారీ తట్టలేదు. ఎప్పుడూ ఉంటుందిగా, అనుకున్నాడు. సీటుతోపాటే వచ్చిందన్నట్టు.

మళ్ళీ లోపలికెళ్ళాడు. మంచం పరుపు ఎత్తి, అర తెరిచి, ఒక బకెట్టు తెచ్చాడు. తర్వాత ఇంకోటి. నడుం పట్టుకుంటూ ఇంకోటి. ఆఖరికి బల్ల కిందది కూడా.

"ఒక్కటన్నావు" అంది కోర్లిస్.

"అన్నాను."

"నా కళ్ళ ముందు ఒకటి పెట్టి, నేను కేకులమ్ముకుంటుంటే..."

"అవును. అప్పుడే."

ఇంకేమీ కప్పిపుచ్చలేదు. గాలి మీదా వెయ్యలేదు, దేని మీదా వెయ్యలేదు. ఆమె అది గమనించింది. స్కోగెనే కల్పించుకున్నాడు. "ఇక్కడ పెట్టి పోవోయ్. నా షెడ్డులో ఉంటాయి. వసంతంలో తీసుకుందువు గాని."

"వద్దు" అన్నాడు ఓడెల్. "ఉన్నాయంటే ఇవాళ కాకపోతే రేపు మళ్ళీ ఎక్కిస్తాను. నా సంగతి నాకు తెలుసు."

బకెట్టు ఎత్తి కంకర మీద బోర్లించాడు. స్కోగెన్ "అరె, అరె" అంటున్నాడు. ఓడెల్ రెండోదీ బోర్లించాడు, మూడోదీ, నాలుగోదీ. కొయ్యని అగేట్‌కీ మామూలు రాయికీ తేడా చెప్పడం కష్టం. బూటుతో అటూ ఇటూ తోసేసరికి ఏది నది రాయో, ఏది గిడ్డంగి కంకరో అతనికే తెలియకుండా పోయింది. ఏళ్ళ తరబడి మోకాళ్ళ దాకా చన్నీళ్ళలో నిలబడి ఏరుకున్నవి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. వెనకున్న గోధుమ లారీ డ్రైవరు ఇంజను కట్టేసి కిందికి దిగి నిలబడ్డాడు.

కోర్లిస్ ముందుకొచ్చింది. వంగి దిండు తీసుకుని, దుమ్ము దులిపి, తనే లోపల పెట్టుకుంది. తర్వాత బూట్లు, పెనం, జామ్ పెట్టె. బరువైనవి ఓడెల్ అందుకోబోతే అందుకోనిచ్చింది. అన్నీ ఎక్కాక ముందు తలుపు తెరిచి, పైనున్న పిడి పట్టుకుని, సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని సూటిగా ముందుకి చూస్తూ కూర్చుంది.

"తూచు, లెరాయ్" అన్నాడు ఓడెల్ తన సీట్లోకెక్కి.

ముల్లు ఊగి ఊగి కుదురుకుంది. స్కోగెన్ అంకె చదివాడు. ఓడెల్ తలుపు మీది చీటీ చూశాడు. పెదాలు కదిలించి లెక్కవేసుకున్నాడు. నమ్మకం కుదరక కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఆమెతో కలిపేనా?"

"ఆమెతో కలిపే."

"ఇంకోసారి చదువు. ఆమెకి వినపడేలా."

స్కోగెన్ గొంతు పెంచి, ఊరంతటికీ వినిపించేలా చదివాడు. గోధుమ లారీ డ్రైవరు టోపీ తీసి ఊపాడు. ఓడెల్ తాళం చెవి మీద చెయ్యి వేశాడు గానీ తిప్పలేదు. ఆమె వంక తిరిగాడు. క్షమించమందామనుకున్నాడు. ఆమె ఇంకా ముందుకే చూస్తోంది. మోకాలి మీద ఉన్న అతని చేతిని మాత్రం వెతుక్కుని పట్టుకుంది.

"నేను లేకుండా ఒకసారి, నాతో ఒకసారి చదివాడు" అంది కోర్లిస్. "నువ్వు దించిన నాలుగు బకెట్ల రాళ్ళూ వాడి కళ్ళ ముందే ఉన్నాయి. కూర్చుని లెక్క కట్టుకుంటే నా బరువెంతో సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఇక ఈ ఊళ్ళో నేనుండలేను, ఓడెల్. పద."